గొణుక్కుంటూ లెక్క చేసే పిల్లాడు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అన్నయ్య కొడుకు ఇక్కడే ఒడియా బడిలో మూడో తరగతి. సాయంత్రం అరుగు మీద కూర్చుని లెక్కలు చేస్తుంటే వీధిలో పోయేవాళ్లకు కూడా వినబడేది. "తొమ్మిదికి నాలుగు... పది, పదకొండు, పన్నెండు, పదమూడు. మూడు ఇక్కడేసి, ఒకటి అటు..." వేళ్లు మడుస్తూ, కాళ్లు ఊపుతూ ఒకటే గొణుగుడు. ఎవరితోనూ కాదు, తనలో తనే. నేను లోపల కూర తరుగుతూ ఆ గొణుగుడు వింటూనే, వాడు ఎక్కడ తప్పుతున్నాడో పట్టేసేదాన్ని.

కిందటేడు వానలు మొదలయ్యాక అది ఆగిపోయింది. పుస్తకం ముందేసుకుని బిగుసుకుపోయి కూర్చునేవాడు. పెదవులు కదిలితే చేత్తో మూసుకునేవాడు. "ఏటైందిరా?" అని అడిగితే, "నోరు కదపకూడదంట అత్తా. వేళ్లు లెక్కెట్టకూడదంట. పెద్ద క్లాసుకొచ్చాం కదా" అన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి లెక్కల మార్కులు సగానికి పడిపోయాయి. మీటింగుకి రమ్మంటే వదినతో నేనూ వెళ్లాను. బడి పేరు ఇక్కడ అనవసరం. "ఈ వయసుకి రావాల్సిన స్టేజీ మీ బాబుకి ఇంకా రాలేదండీ. ఇంట్లో తెలుగు మానేసి ఒడియా మాట్లాడండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. ఇంటికొచ్చేదాకా వదిన నోరు విప్పలేదు. ఆవిడది సరిహద్దుకు అవతల ఉన్న పాతపట్నం. ఇక్కడికి కోడలిగా వచ్చి పదేళ్లయినా ఒడియా బజారు బేరాల వరకే. ఇంట్లో తెలుగు మానేయమంటే కొడుకుతో మాట్లాడటమే మానేయమన్నట్టు.

నాకు మాత్రం 'స్టేజీ' అన్న ఆ ఒక్క మాట ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

నేను ఒడిశా టెట్‌కి, వదిన పెళ్లికి ముందు ఆంధ్రా టెట్‌కి చదివాం. నా పుస్తకం ఒడియాలో, ఆవిడ పుస్తకం తెలుగులో. రెండిట్లోనూ శిశు వికాసం అనగానే మొదట వచ్చే పేరు మనస్తత్వవేత్త పియాజే. పిల్లల ఆలోచన నాలుగు దశల్లో ఎదుగుతుందన్నాడు. ఇంద్రియ చాలక దశ రెండేళ్ల దాకా, పూర్వ ప్రచాలక దశ ఏడేళ్ల దాకా, మూర్త ప్రచాలక దశ పదకొండేళ్ల దాకా, ఆపైన అమూర్త ప్రచాలక దశ. దశ పేరు, వయసు, ఒక లక్షణం. బిట్టు పేపరులో జతపరచడానికి ఇంతకన్నా సులువైనది లేదు. ఇలా చదివినవాళ్లమే రేపు టీచర్లమై, ఏడేళ్లు దాటిన పిల్లాడు గీతకు ఇవతలే ఉంటే వాడిలో లోపముందనుకుంటాం. పియాజే ఈ పని కోసం ఆ గీతలు గీయలేదు.

స్విట్జర్లాండ్‌లో 1896లో పుట్టిన ఆయన కుర్రతనంలో పారిస్‌లో తెలివితేటల పరీక్షలు సరిచేసే పనిలో చేరాడు. పిల్లలు రాసిన జవాబుల్లో ఒప్పులెన్నో లెక్కపెట్టాలి, అంతే పని. ఆయన కళ్లు మాత్రం తప్పుల మీద పడ్డాయి. ఒకే ఈడు పిల్లలు ఒకే రకంగా తప్పుతున్నారు. అంటే ఆ తప్పు వెనక ఒక తర్కం ఉంది. పిల్లాడంటే సగం నిండిన పెద్దవాడు కాదు, వాడి ఆలోచనకు వాడిదైన పద్ధతి ఉంది, కూర్చోబెట్టి "ఎందుకలా అనుకున్నావు?" అని అడిగితే చెబుతాడు. తన ముగ్గురు పిల్లల్ని పసిగుడ్డులప్పటి నుంచి చూస్తూ పేజీలకు పేజీలు రాసుకున్నాడు. పియాజే నుంచి నాకు ఒక్కటే ఉంచుకోమంటే ఈ తప్పును గౌరవించే గుణాన్నే ఉంచుకుంటాను. దశల పట్టిక పోయినా బాధపడను. మా విచారమల్లా, బళ్లు పట్టికను ఉంచుకుని గుణాన్ని వదిలేశాయి.

ఆయన నీళ్ల పరీక్ష అందరికీ తెలిసిందే. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాంట్లోవి సన్నటి పొడుగాటి గ్లాసులోకి ఒంపి, ఎందులో ఎక్కువున్నాయని అడగాలి. ఆరేళ్ల లోపు పిల్లలు చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. గ్లాసు మారినా నీళ్లు మారవన్న ఎరుకను తెలుగు పుస్తకాల్లో పదిలపరచుకునే భావన అంటారు. ఆ పరీక్ష రెండేళ్ల కిందట మావాడి మీద నేనూ చేశాను. అప్పుడు వాడికి ఆరున్నర. నా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒడియాలోనే అడిగాను: "కేఉం గ్లాసురే బేసి పాణి అఛి?" వాడు రెండు గ్లాసుల్నీ చూశాడు, నన్ను చూశాడు, పొడుగుదాని మీద వేలు పెట్టాడు. పూర్వ ప్రచాలక దశ అని రాసుకున్నాను. మర్నాడు వదిన తెలుగులో అడిగింది. "ఏటమ్మా, అవే నీళ్లు కదా! అందులోవి ఇందులో పోసావంతే" అన్నాడు.

ఆ తర్వాతే నాకు వెలిగింది. ఒడియాలో 'బేసి' అంటే ఎక్కువ. తెలుగులో బేసి అంటే జతకు రాకుండా మిగిలినది. మా అమ్మ వాడితో రోజూ గుప్పిట్లో చింతపిక్కలు పట్టుకుని సరి-బేసి ఆడుతుంది. వాడి చెవికి ఆ మాట ఇంట్లో ఒక రకం, బడిలో ఒక రకం. ఆ రోజు వాడు నీళ్లు చూసి తప్పాడో, మాట విని తప్పాడో నేను చెప్పలేను. ఒక్క పిల్లాణ్ణి రెండు రోజులు అడిగి సిద్ధాంతం తేల్చేయడం తప్పు. రెండోసారి అడిగేసరికి వాడే ఆలోచించుకుని ఉండొచ్చు కూడా. కానీ మొదటి రోజే ఆపేసి ఉంటే, వాడి పేరు పక్కన ఒక దశ రాసేసి పుస్తకం మూసేసేదాన్ని.

ఈ అనుమానం నాకొక్కదానికే వచ్చింది కాదు. 1974లో స్కాట్లాండ్‌లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఇలాంటి పరీక్షనే సమానంగా పేర్చిన బిళ్లల వరసలతో మార్చి చేశారు. వరసను పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఆడారు. సమానమే అని సరిగ్గా చెప్పిన పిల్లల సంఖ్య బాగా పెరిగింది. ఆలోచిస్తే సబబే. ఎదురుగా ఉన్న పెద్దమనిషి కావాలని ఏదో మార్చి అదే ప్రశ్న మళ్లీ అడిగితే, జవాబు మారాలి కాబోలని ఏ పిల్లాడైనా అనుకుంటాడు. మన పిల్లలైతే మరీను. పంతులు రెండోసారి అడిగాడంటే మొదట చెప్పింది తప్పన్నమాటే! పిల్లలు ప్రశ్నలోని మాటల్నే కాదు, అడిగే మనిషి ముఖాన్నీ చదువుతారు.

పసిపిల్లల విషయంలోనూ పియాజే తక్కువ అంచనా వేశాడని తర్వాతి వాళ్లు చూపించారు. కళ్ల ముందు నుంచి తప్పించిన వస్తువు ఇంకా ఎక్కడో ఉందన్న ఎరుక ఎనిమిది తొమ్మిది నెలలకు గాని మొదలుకాదని ఆయన అంటే, చేత్తో వెతకమనకుండా ఎంతసేపు చూస్తున్నారో కొలిచిన రెనే బయ్యార్జాన్‌కు 1980ల్లో అయిదు నెలల వాళ్లలోనే ఆ జాడ కనిపించింది. 1992లో కారెన్ విన్ అయిదు నెలల పిల్లల ముందు ఒక బొమ్మకు ఇంకో బొమ్మ చేర్చి, తెర తీసేసరికి ఒకటే ఉండేట్టు చేస్తే, ఏదో తేడా ఉందన్నట్టు వాళ్లు ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయారు. చూపు నిడివిని బట్టి పసివాడి మనసులో ఉన్నది ఎంతవరకు చెప్పొచ్చన్న తగువు ఇంకా తెగలేదు. నా తగువు దాని మీద కాదు కాబట్టి అక్కడే వదిలేస్తాను.

నా తగువు గొణుగుడు మీద.

పియాజే 1923లో అచ్చయిన పిల్లల మీద తన మొదటి పుస్తకంలోనే దీని గురించి రాశాడు. చిన్నపిల్లలు ఆడుకుంటూ, బొమ్మలేసుకుంటూ ఎవరూ వినకపోయినా మాట్లాడుతుంటారు. ఆయన దానికి అహంకేంద్రక భాష అని పేరు పెట్టాడు. ఎదుటివాడి కోణం ఇంకా పట్టుబడని వయసులో వచ్చే మాటలవి, పదిమందితో మెలగడం వచ్చేకొద్దీ రాలిపోతాయి అన్నాడు. పాలపళ్ల లాంటివన్నమాట. ఈ లెక్కన మూడో తరగతి పిల్లాడు గొణుగుతుంటే ఇంకా ఎదగలేదనే అర్థం. మా బడిలో అన్నది ఇదే.

రష్యాలో వైగోట్‌స్కీ అనే మనస్తత్వవేత్త దీన్ని తిరగేశాడు. ఆయనా 1896లోనే పుట్టాడు, క్షయతో 37 ఏళ్లకే 1934లో పోయాడు. పిల్లలు బొమ్మ వేస్తున్నప్పుడు కావాల్సిన రంగు పెన్సిల్ లేకుండా చేసి చూశాడు. అడ్డంకి వచ్చేసరికి గొణుగుడు దాదాపు రెట్టింపైంది. "నీలం పెన్సిల్ ఏది? పోనీ, ఎర్రదాంతో వేసి తడిపేస్తాను" అన్నట్టుగా మాట్లాడుకుంటున్నారు. పని కష్టమైనకొద్దీ పెరిగిందంటే అది పనికిరాని మాట ఎలా అవుతుంది? అది పనిముట్టు. మొదట అమ్మ అంటుంది, "మూడు వేసి ఒకటి అటు" అని. తర్వాత పిల్లాడు ఆ మాటే పైకి అనుకుంటాడు. ఆ తర్వాత పెదవులు కదపకుండా లోపలే అనుకుంటాడు. గొణుగుడు రాలిపోదు, లోపలికి దిగుతుంది. మనం పెద్దవాళ్లం మనసులో అనుకోవడం అనేది అదే.

ఆయన ఇంకొకటీ చేశాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గొణుక్కునే అలవాటున్న పిల్లల్ని తీసుకెళ్లి, వాళ్ల భాష రాని పిల్లల మధ్యనో, వినికిడి లేని పిల్లల మధ్యనో ఆడుకోవడానికి వదిలాడు. గొణుగుడు ఒక్కసారిగా పడిపోయింది, చాలామందిలో అసలే లేకుండా పోయింది. చుట్టూ ఉన్నవాళ్లకు తన మాట అర్థమవుతుందన్న నమ్మకం పోతే పిల్లాడు తనతో తాను మాట్లాడుకోవడం కూడా మానేస్తాడు.

మావాడి విషయంలో రెండూ కలిశాయి. తన మాట రాని తరగతి ఒకటి, నోరు కదపొద్దన్న హుకుం ఒకటి. దానికి పైన ఇంట్లో కూడా ఆ భాష తీసెయ్యమన్న సలహా. స్టేజీ రాకపోవడం కాదిది, చేతిలో పనిముట్టు లాక్కోవడం.

వైగోట్‌స్కీ విమర్శ తన చేతికి అందేసరికి ఆయన పోయి ఎన్నో ఏళ్లయిందని పియాజే తర్వాత రాశాడు. 1962లో ఆ పుస్తకం ఇంగ్లీషులో వచ్చినప్పుడు జవాబిస్తూ, లోపలి మాటకు ఈ గొణుగుడే మొదలన్న సంగతి ఒప్పుకున్నాడు. ఆయనే ఒప్పుకున్న దాన్ని ఆయన పేరు చెప్పుకునే బళ్లు ఇంకా ఒప్పుకోకపోవడం నాకు మింగుడుపడదు.

ఏ భాషలో గొణిగితే ఏం, ఒడియాలో గొణగమనండి అంటారేమో. అంకెల పేర్లు చూడండి. తెలుగులో పది పేర్లూ పదుల పేర్లూ వస్తే ఇరవై నుంచి తొంభై తొమ్మిది దాకా దారి సాఫీ. ఇరవై ఒకటి, ముప్పై తొమ్మిది, ఎక్కడికక్కడ విడదీసే ఉంటుంది. ఒడియాలో 21 ఏకోఇశి, 22 బాఇశి, 39 అణచాళిశ. హిందీలో లాగా ఒక్కొక్కటీ విడిగా నోటికి రావాలి. మా చుట్టుపక్కల కొండల మీది సవర పిల్లలది మూడో దారి. సవర లెక్క పన్నెండు దాకా ఒక కుప్ప, పదమూడంటే పన్నెండూ ఒకటి, ఇరవై దగ్గర ఇంకో కుప్ప. 93 చెప్పాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. 39కి 14 కలపమని ఈ ముగ్గురు పిల్లల్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి అడిగితే, మూడు బుర్రల్లో మూడు వేరే పనులు జరుగుతాయి. అంకెల పేర్ల తేడా పిల్లల లెక్కింపు మీద పడుతుందని చైనా, అమెరికా పిల్లల్ని పోల్చి 1995లో కెవిన్ మిల్లర్ బృందం చూపించింది. పది లోపల ఇద్దరూ సమానమే. పది దాటి పేర్లు మెలికలు తిరిగే చోటే అమెరికా పిల్లలు వెనకపడ్డారు.

మనసును ఒక యంత్రంలా చూసే సమాచార ప్రక్రియ సిద్ధాంతం మీద నాకు మొదట్లో పెద్ద ఇష్టం లేదు. పిల్లాణ్ణి కంప్యూటరుతో పోలుస్తారేంటని. ఈ ఒక్క విషయంలో మాత్రం అదే సూటిగా చెప్పింది. మనసులో ఒక్కసారికి పట్టేది కొంచెమే. అంకె ఒడియాలో విని, తెలుగులోకి మార్చి, కలిపి, మళ్లీ ఒడియాలోకి తెచ్చి చెప్పేసరికి ఆ కొంచెం చోటూ మార్పిడికే సరిపోతుంది, కలపడానికి మిగలదు. గొణుగుడూ వేళ్లూ ఆ బరువును కొంత బయట దించుకునే చోట్లు. ఈ దారిలోనే పనిచేసిన రాబర్ట్ సీగ్లర్ పిల్లల కూడికలు ఏళ్లతరబడి చూసి, ఒకే పిల్లాడు ఒకే వారంలో ఒక లెక్క వేళ్ల మీద, ఇంకోటి జ్ఞాపకం నుంచి, మరోటి పెద్ద అంకె నుంచి మొదలుపెట్టి చేస్తాడని చూపించాడు. మెట్టు తర్వాత మెట్టు ఎక్కడం కాదు, అలల్లా ఒకదాని మీద ఒకటి వస్తాయి అన్నాడు. వేళ్లు మడిచినంత మాత్రాన పిల్లాడు కింది మెట్టు మీద ఉన్నట్టు కాదు.

సంతలో చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. అనాసల కాలంలో కొండ మీంచి దిగిన ఒక సవర పిల్ల, పదేళ్లుంటాయేమో, నాకు నాలుగు కాయలిచ్చి, అయిదువందల నోటుకు చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టింది. నా ఫోను తీసేలోపే. ఆ పిల్ల బడిలో కూడికలకు ఎన్ని మార్కులు తెచ్చుకుంటుందో! బ్రెజిల్‌లోని రెసిఫె బజారులో పిల్ల వ్యాపారుల మీద 1985లో వచ్చిన పరిశీలన ఒకటుంది. బేరంలో అడిగిన లెక్కలకు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతమే. 35 చొప్పున పది కొబ్బరికాయలు ఎంతంటే, ఒక పన్నెండేళ్ల వాడు మూడుకు 105, ఇంకో మూడుకు 210, అలా పేర్చుకుంటూ 350కి వచ్చాడు. పక్కన సున్నా పెట్టాలన్న బడి కిటుకు వాడికి అక్కర్లేకపోయింది. మొన్న 2025లో మన కలకత్తా, ఢిల్లీ బజారు పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం ప్రకటించిందీ దాదాపు ఇదే కథ. అందులో రెండో సగం కూడా ఉంది: బడికి బాగా వెళ్లే పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. అటూ ఇటూ వంతెన లేదు.

ఆ వంతెన పేరే వైగోట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం. పిల్లాడు ఒంటరిగా చేయగలిగిన దానికీ, తెలిసిన మనిషి పక్కనుంటే చేయగలిగిన దానికీ మధ్య ఉన్న జాగా. పియాజే పిల్లాడు ఒంటరిగా నీళ్ల ముందు కూర్చునే శాస్త్రజ్ఞుడు, వైగోట్‌స్కీ పిల్లాడి పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. నేను రెండోవైపే ఉంటాను, కానీ ఒక షరతు మీద. మా వీధిలో ట్యూషన్లు చూస్తున్నాను. పక్కనుండటం అంటే టీచరే లెక్క చేసేసి పిల్లాడు దించుకోవడంగా మారింది. మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ ఇద్దరు తోటివాళ్లతో కలిసి 1976లో ఈ సాయానికి పరంజా అని పేరు పెట్టింది ఊరికే కాదు. మూడు, నాలుగు, అయిదేళ్ల పిల్లల చేత 21 చెక్కముక్కలతో గోపురం కట్టిస్తూ, ఎక్కడ చెయ్యి అందించాలో, ఎక్కడ తీసెయ్యాలో చూశారు. గోడ లేచాక పరంజా విప్పాలి. ఒడియా తరగతిలో తెలుగు కూడా నా లెక్కన అలాంటి పరంజానే, గోడ లేవకముందే లాగేస్తే ఇటుకలు మీద పడతాయి.

ఇదంతా జెనీవా, మాస్కోల నుంచి తెచ్చుకోవాల్సిన జ్ఞానం కాదు, అందుకే నా బాధ ఎక్కువ. పియాజే, వైగోట్‌స్కీ పుట్టేనాటికి మా పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు పంతులుగా ఉన్నారు. సవరలకు వాళ్ల భాషలో చెబితేగాని చదువు రాదని, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. ఆయన సిద్ధాంతం ఏమీ ప్రకటించలేదు. పిల్లల నోటి నుంచి వచ్చే మాటతో మొదలుపెట్టారు. దాదాపు వందేళ్ల తర్వాత, 2006-07లో, ఒడిశా ప్రభుత్వం సవరతో సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. మంచి పని. తెలుగు పిల్లల దగ్గరికొచ్చేసరికి, టౌను పిల్లలు, రెండు భాషలు వింటూనే పెరుగుతారు, సర్దుకుంటారులే అంటారు. సర్దుకోవడం అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడమని వాళ్లకు కనబడదు.

ఇంట్లో మేం తెలుగు మానలేదు. దసరా సెలవుల్లో వాడి చేత గట్టిగా, ఇల్లంతా వినబడేట్టు లెక్కలు చేయించాను. మొదటి రెండు రోజులు నా ముఖం చూసి ఆగిపోయేవాడు. మూడోరోజు కాళ్లు ఊపడం మొదలైంది. తర్వాత ఒడియా అంకెలు కూడా వాడితోనే గొణిగించాను, ఒక్కొక్కటీ తెలుగు పక్కన పెట్టుకుని. అప్పుడు వాడే అడిగాడు: "అణతిరిశి, అణచాళిశ... తొమ్మిది ఉన్న కాడే అణ అంటారేటత్తా?"

ఈ భాషలో పుట్టి పెరిగినట్టే ఉన్న నేను దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. తిరిశి అంటే ముప్పై, చాళిశ అంటే నలభై. అణ అంటే దానికి ఒకటి తక్కువ. చెప్పాను. వాడు కాసేపు గోడకేసి చూశాడు. రెండు రోజుల తర్వాత అరుగు మీంచి మా అమ్మకు వివరిస్తుంటే విన్నాను.

"మామ్మా, ముప్పై తొమ్మిదికి పద్నాలుగు కలపాలంటే వేళ్లక్కర్లేదు. అణచాళిశ కదా, నలభై అనేసుకో. నలభై, పద్నాలుగు, యాభై నాలుగు. ఒకటి తీసెయ్. యాభై మూడు."

"అణ ఏటిరా?" అంది మా అమ్మ చింతపిక్కలు ఏరుతూ. వాడు మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.